ఇంటి ఇంటర్నెట్టు మందగించినచో

ఇంటర్నెట్టు మందగించినంతనే కంపెనీని నిందించుటయు, హెచ్చు వెలగల ప్లానునకు మారుటయు పెక్కుమందికి వాడుక. నేటికిని టెలిఫోను తీగపై బ్రాడ్‌బ్యాండు గల యిండ్లవారికి ఈ రెండును తగవని మా యభిప్రాయము. కారణ మెరుగక చేసిన వ్యయము వ్యర్థము.

ఈ పద్ధతికి ఏడీఎస్‌ఎల్ అని పేరు. ఒకే రాగి తీగల జతపై మాట తక్కువ పౌనఃపున్యమునను, సమాచారము హెచ్చు పౌనఃపున్యమునను ప్రయాణించును. రెంటిని వేరుపరచునది స్ప్లిట్టరను చిన్న పెట్టె. అది లేక ఫోను తగిలించినచో వేగము తగ్గును. ఫోనులో గరగర వినవచ్చును. తుప్పుపట్టిన యతుకులును, తేమయు, ఇంటిలోని పాత తీగలును అట్టి హానియే చేయును.

కావున, ఇంటిలోనికి తీగ వచ్చు మొదటి సాకెట్టునకే మోడెమును తగిలించి, తక్కిన ఫోనులను ఊడదీసి, వైఫై విడిచి కేబులుతో వేగము కొలువవలెను. వేగము హెచ్చినచో దోషము మన యింటిదే. హెచ్చనిచో, ఉదయమును రాత్రియు కొలిచిన యంకెలను వ్రాసియుంచి ఫిర్యాదు చేయవలెను. అంకెలుగల ఫిర్యాదును త్రోసిపుచ్చుట కష్టము.

ఒక్క విషయమున మాత్రము ఎవ్వరును దోషులు కారు. ఎక్స్ఛేంజి నుండి దూరము పెరిగినకొలది వేగము తరుగును. ఏడీఎస్‌ఎల్ 2 ప్లస్ గరిష్ఠవేగము సెకనునకు 24 మెగాబిట్లు. 5 కిలోమీటర్ల దూరమున అందు స్వల్పభాగమే దక్కును. అట్టిచోట హెచ్చు ప్లాను కొన్నను ఫలము లేదు. ఫైబరు వంటి వేరు మార్గమును వెదకవలెను.

విద్యార్థులారా, ఒక్కొక్క కారణమును వేరుపరచి పరీక్షించుట ప్రయోగశాలలో నేర్చినారు గదా! ఆ విద్యను ఇంటియందును వినియోగింపుడు. తలిదండ్రుల ధనము నిలుచును. నిర్దోషిపై నింద పడకుండును.