సచివాలయంలో ఎంతమంది ఉండాలి? జనాభా లెక్కకు అందని కాణిపాకం

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలోని కాణిపాకం కాగితాల మీద ఒక గ్రామ పంచాయతీ. కానీ వరసిద్ధి వినాయకుడి దర్శనానికి రాయలసీమ నుంచే కాదు, తమిళనాడు, కర్ణాటకల నుంచీ రోజూ జనం వస్తారు. ఇలాంటి ఊరికి ఎంతమంది ప్రభుత్వ సిబ్బంది కావాలి? ఇప్పుడున్న నిబంధన ప్రకారం, ఓటు ఉన్నా లేకున్నా అక్కడే నివసించేవాళ్లను లెక్కపెట్టి తేల్చాలి.

ఏమిటా నిబంధన?

2019 అక్టోబరు 2న అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం సచివాలయాల వ్యవస్థను ప్రారంభించింది. గ్రామాల్లో 11,162, పట్టణాల్లో 3,842. ఒక్క విడతలోనే 1,26,728 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. గ్రామ సచివాలయానికి పది, పదకొండు మంది ఉండాలన్నది అప్పటి ఆలోచన.

2025 జనవరిలో కూటమి ప్రభుత్వం దీన్ని మార్చింది. జనాభా 2,500 లోపైతే ఆరుగురు, 3,500 వరకు ఏడుగురు, ఆపైన ఎనిమిది మంది. దీనికి పెట్టిన పేరు హేతుబద్ధీకరణ. ఎవరి ఉద్యోగమూ పోదని, మిగులు సిబ్బందిని వేరే శాఖల్లో సర్దుతామని ప్రభుత్వం చెప్పింది.

వాలంటీర్లకు ఆ పాటి భరోసా కూడా దక్కలేదు. రెండున్నర లక్షల మందికి పైగా, నెలకు 5 వేల రూపాయల గౌరవ వేతనంతో, తలా 50 ఇళ్లు చూసేవారు. ఎన్నికల ముందు 10 వేలు చేస్తామని టీడీపీ హామీ ఇచ్చింది. గెలిచాక, 2023 ఆగస్టు తర్వాత వారిని కొనసాగిస్తూ ఉత్తర్వులే లేవని ప్రభుత్వం తేల్చేసింది.

మరి పింఛన్లు ఆగాయా?

ఆగలేదు. ఎన్నికల సంఘం వాలంటీర్లను పక్కనపెట్టాక 2024 ఏప్రిల్‌లో వృద్ధులు ఎండలో సచివాలయాల దగ్గర పడిగాపులు పడ్డారు. జులై 1న మాత్రం సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ వెళ్లి 65 లక్షల మందికి పింఛను ఇచ్చారు. చాలామంది చేతికి బకాయిలతో కలిపి 7 వేలు అందాయి. వాలంటీర్లు అక్కర్లేదనేవాళ్లు చూపించే సాక్ష్యం ఇదే, బలమైనదే. అయితే ఆ డబ్బు పంచినవాళ్లలో సర్వేయర్లు, ఇంజినీరింగ్ సహాయకులు కూడా ఉన్నారు. ఆ పూట కొలతలు, బిల్లులు ఆగాయి. ఇది ఖర్చే, కానీ ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు.

సిబ్బందిని ఒక్క ఉత్తర్వుతో తగ్గించడం మనకు కొత్త కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. వేల మంది ఒకేసారి ఇంటికెళ్లారు. మరుసటి ఏడాదే మళ్లీ 58. ఇప్పుడది 62. వయసు మార్చిన ప్రతిసారీ కారణాలు దొరికాయి, ఏ ఆఫీసులో ఎంత పని ఉందన్న లెక్క మాత్రం చర్చకు రాలేదు.

పని నిజంగానే తగ్గిన చోట్లూ ఉన్నాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్ కోసం సచివాలయానికి వెళ్లే పని తప్పితే, ఆ మేరకు కౌంటర్‌లో మనిషిని తగ్గించడం సబబే. మురుగు కాలువ, తాగునీటి ట్యాంకు, జ్వరాల సర్వే ఫోన్‌లో అయ్యేవి కావు.

కాణిపాకంలో ఎక్కువగా ఉండేది ఈ రెండో రకం పనే. ఆలయానికి దేవదాయ శాఖ కింద ఈవో, సొంత సిబ్బంది ఉన్నారు. అయితే భక్తుడు గుడి గోపురం దాటి వీధిలోకి రాగానే పంచాయతీ మనిషి అవుతాడు. వినాయక చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాలు 21 రోజులు సాగుతాయి. అప్పుడు చుట్టుపక్కల నుంచి సిబ్బందిని రప్పిస్తే, ఆ ఊళ్లలో అన్ని రోజులూ అంతమంది తక్కువే. వాళ్లక్కడ ‘మిగులు’ కాదు, ఆరుగురిలో ఒకరు.

(వ్యవస్థను తెచ్చినవాళ్లూ, తగ్గించినవాళ్లూ తమ లెక్కే సరైనదని కాణిపాకంలో ప్రమాణం చేయగలరు. సవాళ్లు ఎలాగూ మనకు అలవాటే.)

జనాభా ఒక్కటే కాకుండా రోజువారీ యాత్రికుల రద్దీని కూడా కొలమానంగా పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. దర్శనం టికెట్ల లెక్క ఆలయం దగ్గరే ఉంది. మూడు కేటగిరీల పట్టికలో దానికి ఇంకా గడి లేదు.