దిసారికి రేట్ కార్డు ఎవరు రాయాలి?

ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే చాలు, ఎవరో ఒక కోచ్ ఎదురవుతున్నారు. మీ ఆధ్యాత్మిక జ్ఞానాన్ని నెలకు లక్షల ఆదాయంగా మార్చేస్తామంటారు. పెళ్లిళ్లు జరిపించేవాళ్లకు, ధ్యానం నేర్పేవాళ్లకు, జాతకాలు చెప్పేవాళ్లకు బిజినెస్ మెంటరింగ్ ఇప్పుడొక సొంత రంగం. ప్యాకేజీ ఎలా కట్టాలి, ధర ఎంత చెప్పాలి, క్లయింట్‌ను ఎలా నిలుపుకోవాలి... అన్నీ నేర్పిస్తారు. తప్పేం లేదు. పంతులుగారికీ ఈఎంఐలుంటాయి. కానీ ఇదే పాఠాన్ని ఉన్నదున్నట్టు అరకు కొండలెక్కిస్తే మాత్రం కష్టం.

అరకు ఇప్పుడు పెళ్లి ఫొటోల అడ్డా. 2017లో విశాఖ నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీ మొదలయ్యాక ఆ లోయ మరింత దగ్గరైంది. రిసార్టులో పెళ్లి, కాఫీ తోటలో ప్రీ-వెడ్డింగ్ షూట్, వారాంతంలో 'హీలింగ్ రిట్రీట్'. ఈ ప్యాకేజీల్లో థింసా ఒక ఐటమ్. రేపు 'గిరిజన పద్ధతిలో ఆశీర్వాదం' ఇంకో ఐటమ్ అవ్వడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక్కడే కొంచెం ఆగాలి. ఈ ఊళ్లలో పెళ్లికి, విత్తనాలు చల్లడానికి మంచిరోజు చూసి చెప్పే పెద్దను దిసారి అంటారు. ఆయన చేసేది ప్రదర్శన కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అంటే గిరిజన పెళ్లికి బలం వాళ్ల ఆచారం నుంచే వస్తుంది. భర్త పోయాక పింఛనుకో, ఆస్తిలో వాటాకో గొడవ వస్తే, ఆమె చూపించాల్సింది ఆచారం ప్రకారం పెళ్లి జరిగిందనే. అదే తంతు ప్రతి ఆదివారం రిసార్టు లాన్‌లో టూరిస్టుల కోసం జరుగుతుంటే, ఏది పెళ్లి, ఏది షో? నష్టం సంస్కృతి ఒక్కదానికే కాదు, ఆ ఇంటి ఆడపిల్లకు కూడా.

అలాగని అన్నీ ఉచితంగా చేయమనడం ఇంకా పెద్ద అన్యాయం. ఒక లెక్క వేద్దాం. వాద్యగాళ్లతో కలిపి 20 మంది ఉన్న థింసా బృందానికి రూ.10,000 ఇచ్చారనుకోండి. జీపు బాడుగ రూ.2,000 పోతే మనిషికి మిగిలేది రూ.400. పొద్దున బయల్దేరి చీకటిపడ్డాక ఇంటికొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. డప్పు, తుడుము, మోరి బాగుచేయించుకునే ఖర్చు ఈ లెక్కలోనే లేదు. ఆ వీడియో మాత్రం రిసార్టు ప్రకటనలో ఏళ్ల తరబడి తిరుగుతుంది.

అందుకే మెంటర్ కావాలి. కాకపోతే ఆయన ఒకటి కాదు, రెండు జాబితాలు రాయించాలి.

మొదటిది అమ్మేవాటిది. థింసా, వాద్యం, వంట, ఊరి కథలు చెబుతూ కొండదారిలో నడిపించడం. వీటికి గట్టిగా ధర చెప్పాలి. ప్రయాణం, భోజనం, పోయిన కూలి అందులో కలవాలి. అడ్వాన్స్ ముందే పడాలి. డబ్బు బ్రోకర్ చేతికి కాకుండా బృందం పేరిట ఉన్న బ్యాంకు ఖాతాకు రావాలి. వీడియోను ప్రకటనకు వాడుకుంటే వేరే రేటు. ఇవన్నీ వాట్సాప్‌లో నాలుగు లైన్ల మెసేజ్‌గా ఉన్నా రేపు ఆధారంగా పనికొస్తుంది. చిన్న వ్యాపారంగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదుకు రూపాయి ఫీజు లేదు.

రెండోది అమ్మనివాటిది. ముహూర్తం పెట్టడం, ఊరి దేవతకు చేసే పూజ, గురుమాయి చేసే తంతు. ఇందులో ఏముండాలో మెంటర్ చెప్పకూడదు, రిసార్టు అసలే చెప్పకూడదు. ఊరు చెప్పాలి. ఆచార సంప్రదాయాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. ఇక రోగాలు నయమవుతాయనే ప్రకటనల జోలికి ఏ కోచ్ తీసుకెళ్లబోయినా వద్దనండి. వాటిని కట్టడి చేసే చట్టం 1954 నుంచే ఉంది.

'పేదవాడు అమ్ముకుంటానంటే వద్దనడానికి నువ్వెవరు?' అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వద్దనే హక్కు నాకు లేదు. అయితే గతిలేక ఒప్పుకోవడానికీ, ఆలోచించి ఒప్పుకోవడానికీ తేడా ఉంది. మొదటి జాబితాకు సరైన ధర వస్తే, రెండోదాన్ని అమ్ముకోవాల్సిన అవసరం తగ్గుతుంది. మెంటర్ పని అక్కడిదాకానే.

అరకు ఈ దారి ఇదివరకే చూసింది. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టింది. అటవీ ఉత్పత్తులకు దళారులు చెప్పిందే ధర కాకూడదన్నది దాని ఆలోచన. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఆ ప్రాంతానిది. గింజకు చేసిన ఆలోచన మనిషి కళకు ఎందుకు చేయకూడదు?

ఈ పనికి హైదరాబాద్ నుంచి కోచ్ రానక్కర్లేదు. పాడేరులో, అరకులో, డుంబ్రిగుడలో డిగ్రీ చదివే పిల్లలున్నారు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, కాలేజీలో ఎక్సెల్, చేతిలో ఫోన్. సంతలో బేరం ఎలా నడుస్తుందో, దిసారి తాత దగ్గర ఎలా కూర్చోవాలో వీళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే ఈ నెలల్లోనే మీ ఊరి బృందంతో ఒక సాయంత్రం కూర్చోండి. కాగితం మధ్యలో గీత గీసి, అటు అమ్మేవి, ఇటు అమ్మనివి రాయించండి. తర్వాత ఆ కాగితం గ్రామసభలో చదవండి. రిసార్టు మేనేజర్ ఫోన్ చేసేసరికి మీవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.