యంత్రము మారినచో అక్షరము నిలుచునా?

దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు సందులలో శిక్షణాలయముల నామఫలకముల క్రింద జిరాక్సు, డి.టి.పి. దుకాణములు బారులు తీరియుండును. ఉపాధ్యాయులు చేతివ్రాతతో తెచ్చు ప్రశ్నపత్రములు ఇట్టి చోటులనే అచ్చు రూపము దాల్చును. ఈ దుకాణములకు ఇటీవల ఒక చిక్కు వచ్చినది. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలను నిలిపివేసినది. 2021లో వెలువడిన విండోస్ 11 టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును కోరును. అది లేని పాత యంత్రములను స్వీకరింపదు. చక్కగా నడచు యంత్రమును ఇందుకై మూలబెట్టుట దుబారా కాదా?

అట్లనుకొనువారికి లినక్సు దారి చూపుచున్నది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి ఆరంభించిన ఈ వ్యవస్థకు వెల లేదు. మూలము ఎల్లరకు తెరచియున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ దానికి తెలుగు ముఖమును సైతము అమర్చినది. ఐనను దుకాణదారు వెనుకాడుచున్నాడు. అతనిని సోమరి యనుట అన్యాయము.

చిక్కు మన అక్షరములలోనే కలదు. డి.టి.పి. లోకమును ఏలిన అను ఫాంట్లు తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు లిపి స్థానములలో కూర్చుకొన్నవి. తెరపై తెలుగు కనబడినను యంత్రము ఎరిగినది పరాయి గుర్తులనే. ఆ ఫాంటు లేనిచోట పాఠమంతయు అర్థములేని గుర్తుల కుప్ప యగును. ఏండ్ల తరబడి కూర్చిన ప్రశ్నపత్రములు, పాఠములు ఒక్క ఫాంటుకు కట్టువడియున్నవి. 1991 నుండియే యూనికోడ్‌లో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితముగా ఇచ్చిరి. లోపము సాధనములది కాదు, అలవాటుది. చేతివ్రేళ్లకు పట్టువడిన ‘ఆపిల్’ కీల వరుస సైతము లినక్సులో లభించునని ఎందరికి తెలియును?

కేరళ ఈ దారిని ముందే త్రొక్కినది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకము, 2017లో కైట్ సంస్థగా మారినది. పాఠశాలలకై లినక్సును సిద్ధపరచి, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. మ్యూనిక్ నగర పాలకులు మాత్రము ఏండ్ల తరబడి లినక్సు వాడి, 2017లో మరల విండోస్ వైపు మొగ్గిరి. యంత్రములో వ్యవస్థను మార్చుట ఒక పూట పని. మనుష్యులను, దస్త్రములను వెంట తీసికొనిపోవుట ఏండ్ల పని.

కావున దిల్‌సుఖ్‌నగర్‌లో తొలి పని లినక్సు నెక్కించుట కాదు, పాత దస్త్రములను యూనికోడ్‌లోనికి తెచ్చుట. మార్పిడి సాధనములున్నవి, కాని ఒత్తులు తారుమారగుట కద్దు. తప్పును పట్టుటకు తెలుగు చదువ నేర్చిన కన్ను కావలెను. పాఠశాలలలో అట్టి కన్నులకు కొదువ లేదు. విద్యార్థి కొక్కింటికి పది పుటలు చొప్పున పంచి, పాత అచ్చుప్రతిని ప్రక్కనుంచి దిద్దించినచో, ఒక వేసవిలో బడి ప్రశ్నపత్రములన్నియు ఏ యంత్రముపైనైనను తెరచుటకు సిద్ధమగును.