ఔట్‌లయర్ అని తీసేస్తే పోయేదెవరు?

సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందు ఒక ఏడాది రీసెర్చ్ అసిస్టెంటుగా చేశాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో సర్వే. నా పని మాత్రం ఏసీ గదిలోనే: వచ్చిన అంకెలు శుభ్రం చేసి రిగ్రెషన్లు నడపడం.

మొదటి తలనొప్పి జిల్లాలే. ఈ మూడూ పుట్టింది 2016 అక్టోబరు 11న. మరి 2011 జనాభా లెక్కల్లో వీటిని ఎక్కడని వెతుకుతాం? పాత వరంగల్, ఆ పక్క జిల్లాల్లోంచి మండలాల వారీగా ఏరి కూర్చుకోవాలి. అది అయ్యిందనుకుంటే, 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది!

అసలు పాఠం వేరే. ఒకాయనకి 20 ఎకరాలు, ఆదాయం చూస్తే దాదాపు సున్నా. ఔట్‌లయర్ అనుకుని ఒక్క లైను కోడుతో తీసేశాను. ఎందుకో అనుమానమొచ్చి, సర్వే చేసిన తమ్ముడికి ఫోన్ చేస్తే "అన్నా, గవి ఎకరాలు కావే, గుంటలు" అన్నాడు. 40 గుంటలైతే ఎకరం. అంటే ఆయనది అరెకరం! సర్వే ఎవరి కోసమో వాళ్ళనే తీసేశానన్నమాట.

ఇప్పుడు మనమంతా మోడళ్ళ గురించి తెగ మాట్లాడుకుంటున్నాం. నా మటుకు నాకు ఆ ఫోన్ కాలే అసలైన రీసెర్చి. డిలీట్ కొట్టే ముందు ఒక్కసారి అడగండి. అంత టైం లేదంటారా? అయితే ఆ లెక్కలతో పథకాలకి సలహాలివ్వకండి.