హీరో మోకాలు వేరు... మన మోకాలు వేరు!

మేడమీంచి దూకిన హీరో ఒంటి మోకాలి మీద వాలాడు. హాల్లో ఈలలే ఈలలు! అలాగే లేచి పదిమందిని చితక్కొట్టాడు. అబద్ధమెందుకు, నేనూ చప్పట్లు కొట్టాను. పక్కనున్న మా మేనల్లుడు మాత్రం కొట్టలేదు. కాలు మడవలేక బార్లా చాపుకుని కూచున్నాడు.

"మావయ్యా, ఆయన మోకాలు ఇనపదా?" అన్నాడు చిన్నగా.

సంగతేమిటంటే... వాడు కబడ్డీ ఆటగాడు. పదిరోజుల క్రితం కూతకెళ్లి, పట్టు తప్పించుకోబోయి గిరుక్కున తిరిగాడు. పాదం నేలకి అతుక్కునే ఉంది, ఒళ్లు తిరిగింది. లోపల 'టప్'మందట! రెండు గంటల్లో మోకాలు కొబ్బరికాయంత అయింది. "బెణికిందిలే" అన్నారు ఇంట్లోవాళ్లు. నూనె రాశారు, కట్టు కట్టారు. వాపు కాస్త తీసింది. నెల్లో యూనివర్సిటీ జట్టు సెలక్షన్లు. ఆడి తీరతానంటాడు. మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతోందని మాత్రం నా చెవిలో వేశాడు.

మర్నాడే ఎముకల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

ఆయన కాలు ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు! "ఎలా తిరిగావు? చప్పుడైందా? వాపు ఎంతసేపట్లో వచ్చింది? మోకాలు పట్టేస్తోందా? జారుతోందా?" సగం గుట్టు ఈ జవాబుల్లోనే ఉంటుందట. గంటా రెండు గంటల్లో వాచిందంటే లోపల రక్తం చేరిందని అనుమానం. తొడ ఎముకనీ కాలి ఎముకనీ లోపల కట్టిపెట్టే తాడు, అదే ఏసీఎల్, తెగి ఉండొచ్చు. మర్నాటికి మెల్లగా వాచి, చాపబోతే ఇరుక్కుంటోందంటే రెండెముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిందేమో చూడాలి. ఎగిరెగిరి వాలీబాల్ ఆడేవాళ్లకి చిప్ప కింద వచ్చే నొప్పి ఇంకో రకం.

తర్వాత బాగున్న కాలు పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది.

"ఈ కుర్రాడికి మామూలుగా ఎంత వదులో తెలియకుండా, దెబ్బతిన్నది ఎంత వదులో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడాయన. నా నవ్వు ఆగిపోయింది!

మోకాలు కొద్దిగా మడిచి, ఒక చేత్తో తొడ బిగించి, రెండో చేత్తో కాలిని ముందుకి లాగాడు. బాగున్న కాలు టక్కున ఆగింది. రెండోది సొరుగులా ముందుకొచ్చింది! లాక్‌మన్ పరీక్ష అంటే అదేనట. పక్కలకి నొక్కాడు, మడిచి తిప్పాడు. ఎక్స్‌రేలో ఎముక భేషుగ్గా ఉంది. కానీ ఎక్స్‌రేలో తాడు కనిపించదు కదా! ఎమ్మారైలో తేలింది... ఏసీఎల్ తెగింది, మెనిస్కస్ అంచు చిరిగింది.

"ఇలాగే ఆడితే?" అన్నాడు మావాడు.

"జారినప్పుడల్లా ఆ మెత్త ఇంకా చిరుగుతుంది. చిన్న వయసులోనే కీలు అరుగుతుంది బాబూ."

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొందరికి వ్యాయామంతో సరిపోతుంది. కానీ గిరుక్కున తిరిగే ఆట ఆడాలంటే వీడికి తొడ వెనకనుంచి తీసిన పోగుతో కొత్త తాడు వెయ్యాలన్నాడు. మళ్లీ కోర్టులోకి దిగడానికి తొమ్మిది నెలలైనా ఆగాలి.

ఆటోలో వాడు ఏడ్చేశాడు. "నా పని అయిపోయింది మావయ్యా!"

"ఒరేయ్, 1994లో మన పుల్లెల గోపీచంద్‌కి తెగింది ఈ తాడేరా. ఆపరేషన్లయ్యాయి. 2001లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచింది ఆ మోకాలితోనే!"

"ఏడేళ్లా?"

"నీకు తొమ్మిది నెలలే కదరా!"

సెలక్షన్లకి వాడు వెళ్లలేదు. ఆపరేషన్ అయింది. ఇప్పుడు గోడ పట్టుకుని కాలు మడవడం నేర్చుకుంటున్నాడు, అచ్చం పసిపిల్లాడిలా.

మీలో ఎవరి మోకాలైనా 'టప్'మంటే... ఆట ఆపండి, ఐసు పెట్టండి. నాలుగడుగులు వెయ్యలేకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. హీరోగారికి కింద పరుపుంటుంది, బదులు దూకే డూపుంటాడు, చెడితే రెండో టేకుంటుంది. మనకి ఆ మూడూ లేవు సుమా!