పాత కఱ్ఱయు క్రొత్త యప్పును

గోదావరి, కృష్ణా మండలములలో నిప్పటికిని మిగిలియున్న మండువా లోగిళ్ళ వైపు పోవువారికి రెండు దృశ్యములు తఱచుగా గోచరించుచున్నవి. ఒక వాకిట టేకు ద్వారబంధములు, వాసములు, చెక్కడపు స్తంభములు లారీకెక్కుచుండును. మఱునాడో మూడవనాడో అదే వాకిట, అట్టపెట్టెలలో ముక్కలుముక్కలుగా వచ్చిన బీరువాయు సోఫాయు దిగుచుండును. ఎక్కినది తూకముమీద అమ్ముడుపోయినది. దిగినది వాయిదాలమీద కొనబడినది. ఈ బేరమునకు మనవారు పెట్టుకొన్న పేరు ఇల్లు బాగుచేయుట. మేము దీనిని ఇల్లు చెఱుచుట యనుచున్నాము. ఎవరికి కోపము వచ్చినను సరే.

లారీకెక్కినదేదియో మొదట విచారింతము. ఆ టేకులో కొంత మన్యపుటడవులలో నఱకబడి, తెప్పలుగా గట్టబడి, గోదావరీప్రవాహముమీద రాజమహేంద్రవరమునకు దిగినది. కొంత రంగూను టేకు; మనవారు కూలికై యే సముద్రము దాటిపోయిరో ఆ సముద్రము దాటియే యది వచ్చినది. అడవిలో నిదానముగా బెరిగిన ముదురు చెట్ల చేవ యది. చేవలోని సహజతైలమువలన చెద దానిని సులభముగా ముట్టదు. రెండు మూడు తరములపాటు ఆఱి కుదురుకొన్నది గనుక ఇక వంగుటయు పగులుటయు తక్కువ. మఱి దిగినదేమి? కఱ్ఱపొట్టును జిగురుతో కలిపి, వేడిమిలో నొత్తి, పైన టేకు బొమ్మగల కాగితము నంటించిన పలక. ఆ జిగురు తఱచుగా యూరియా ఫార్మాల్డిహైడు. దానినుండి కొంచెము కొంచెముగా వెలువడు ఫార్మాల్డిహైడును క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో నిర్ణయించినది. అది యటుంచి, కోస్తాలోని శ్రావణమాసపు చెమ్మకు ఆ పలక యంచులు బూరెలవలె నుబ్బును. ఒకమాఱు ఊడివచ్చిన మరమేకు రెండవమాఱు దానిలో పట్టదు. టేకుబల్ల కాలు విఱిగినచో వడ్రంగి క్రొత్త కాలు వేయును. ఈ పలక విఱిగినచో పొయ్యిలో పెట్టుటకైనను పనికిరాదు, దాని పొగ మంచిది కాదు.

ఈ సామానునకు సొమ్మిచ్చువాడెవడు? ఇచ్చట సంగతి యలంకారమును దాటి కన్నబిడ్డలవద్దకు వచ్చుచున్నది. పాతయింటికి కోడలు రాబోవుచున్నదనగానే కూల్చివేతలు, రంగులు మొదలగును. పెండ్లికూతురి తండ్రికి సారె జాబితా చేరును. మంచము, పరుపు, బీరువా, అద్దపుబల్ల, సోఫా, భోజనపుబల్ల. వరకట్నము 1961వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధమైనదని మధ్యవర్తికి బాగుగా దెలియును. అందుచేతనే "మేమేమియు నడుగలేదండి, మీ పిల్లకు మీకు తోచినది పెట్టుకొనుడు" అని మృదువుగా బలుకును. ఆ తోచవలసినదెంతయో ఆ వీధిలోని వెనుకటి పెండ్లిండ్లు నిర్ణయించును. తండ్రి పొలము కాగితములు తాకట్టు పెట్టును. వరుని తాతనాటి పందిరిమంచము విప్పబడి యటకమీద ధూళి పట్టుచుండగా, సరిగా దాని క్రిందనే యప్పుతెచ్చిన మంచము వేయబడును. మంచము ముందు విఱుగునో యప్పు ముందు తీఱునో చెప్పజాలము. కూర్చున్నప్పుడెల్ల తండ్రి బాకీని జ్ఞప్తికి దెచ్చు ఆసనముపై ఆ పిల్ల సుఖముగా గూర్చుండునని తలచువారి హృదయమును గూర్చి మేమేమి వ్రాయుదుము?

పాత కఱ్ఱ మరల వాడరాదని వాస్తుపండితులు చెప్పుదురని కొందఱి యాక్షేపణ. క్రొత్తయింటికి పాతయింటి కఱ్ఱ తగదను విశ్వాసము మనలో కలదు, లేదనము. కాని మేము వాడుమనుచున్నది ఆ యింటి కఱ్ఱను ఆ యింటిలోనే. అదియును గాక, ఆ దూలమునకు నిజముగా దోషమే యున్నచో, దానిని కొనిపోయిన వర్తకునికడ నదియేమగును? కారైకుడి వీధులలో విప్పిన చెట్టినాటి లోగిళ్ళ తలుపులును స్తంభములును వరుసగా నిలిపి యమ్ముచున్నారు. దూరదేశముల ధనికులు వానిని గొనిపోవుచున్నారు. మనయింట దోషమైనది ధనికుని భోజనశాలలో శోభయగుచున్నదన్నమాట! వెలయెక్కువైనకొలది దోషము తగ్గునేమో పండితులు సెలవియ్యవలెను.

ఈ ధనికులను గూర్చియు నొకమాట. వీరు పాతవస్తువులను ప్రేమించుచున్నామందురు. పల్లెలో నొక గడపను పెకలించి, పట్టణమున గాజుపలక క్రింద నుంచి, కాఫీగిన్నెలు పెట్టుకొనుట ప్రేమయైనచో నది యొకవిధమైన ప్రేమయే. చెన్నపట్టణము దాపున ముట్టుకాడులో 1996లో తెఱవబడిన దక్షిణచిత్రవంటి ప్రదర్శనశాలలు పాతయిండ్లను తరలించి నిలుపుటను మేము తప్పుపట్టము; నశించిపోవలసిన రూపము కొంత దక్కినది. అయినను మన పిల్లలు మండువా యెట్లుండునో చూచుటకు చీటీ కొని లోనికి బోవలసిన దినము వచ్చుట మాకు సంతోషకరముగా లేదు.

ఇక చేయవలసినదేమి? మొదట గోడ. ఈ యిండ్ల గోడలు గానుగసున్నముతోనో అడుసుతోనో కట్టినవి. భూమినుండి పైకెక్కు చెమ్మ సున్నపుపూతగుండ ఆవిరియై పోవును. దానిపై సిమెంటు మెత్తి, ఆపైన ప్లాస్టికు రంగు పూసినచో, చెమ్మ బయటికి దారిలేక గోడలో నింకను పైకి ప్రాకి, ఉప్పు పూచి, పెచ్చులుగా రాలును. అప్పుడు "పాతయిల్లు గదా!" అని యింటిని నిందింతురు. వెల్లసున్నములో కొంచెము బంక కలిపి రెండు పూతలు వేయుటకయ్యెడి వ్యయము, ఆ రంగుడబ్బాల వెలలో చిన్నపాలు. మొదలంట నొక మూరెడు జాజుపట్టె తీర్చినచో అంతకన్న సొంపైన గోడను మేమెఱుగము.

తరువాత కఱ్ఱ. పడిపోయిన పెరటికొట్టు తలుపు రెండు పీటలపై బరచినచో వ్రాతబల్ల. విఱిగిన స్తంభపు మొదలు దీపపు దిమ్మె. వాసముల ముక్కలు అరుగుమీది బెంచీకి కాళ్ళు. కిటికీరెక్కలు పుస్తకముల యఱలు. పందిరిమంచమును దింపి నవారు మార్చిన చాలును. నులకమంచమునకు నులక యల్లువాడింకను దొరకుచున్నాడు, దొరకుచుండగనే పిలువవలెను. ఎండకు ప్లాస్టికు తెరలేల? మేదరివాని వెదురుతడక కలదు. నేలమీదికి ఓరుగల్లు జంపఖానా కలదు; ఆ యూరి తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమునకే పోయినవి. తలుపుపిడులకు ఏటికొప్పాక లక్కపని కలదు. వరాహనదీతీరమున అంకుడుకఱ్ఱపై నింతటి నునుపును దెచ్చు చేతులు వేఱెచ్చట నున్నవి? చిరిగిన నేతచీరలు నాలుగు చేర్చి కుట్టిన బొంతను దాచుకొని, అతిథి రాగానే మిలమిలలాడు దుప్పటి పఱచుట మన గృహిణులకేల సిగ్గుగా నున్నదో మాకు దెలియదు. ఆ బొంతయే పైన పఱవదగినది.

జాగ్రత్తలు లేకపోలేదు. పాతకఱ్ఱను తట్టిచూడవలెను, డొల్లగా మ్రోగినను, రంధ్రములనుండి పిండి రాలినను, ఎంత చెక్కడమున్నను లోపలికి దేవలదు. మేకులన్నిటిని పీకక ఱంపము పెట్టరాదు. ముఖ్యముగా పాతతలుపుల రంగును పొడిగా గీకరాదు. వెనుకటి రంగులలో సీసము విరివిగా నుండెడిది. పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకన్న మించరాదను నియమము మనదేశమున 2017లో గదా అమలునకు వచ్చినది! ఆ ధూళి పసిబిడ్డల మెదడునకు హాని. తడిపి గీకి, గీకినదానిని మూటగట్టి, బిడ్డలను దూరముగా నుంచి పని చేయించవలెను. పాతదానిని పొగడుచు దీనిని దాచువారు మిత్రులు కారు.

చేతిపని యనగానే అది యింటి స్త్రీల తీఱిక పని యని తలచు పెద్దమనుష్యులతోడను మాకు తగవు కలదు. నరసాపురపు లేసును జూడుడు. జర్మను సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున, దినమంతయు నల్లు స్త్రీల శ్రమను ఊరక కూర్చున్నవారి కాలక్షేపముగా నెంచి, లాభమును పురుషవర్తకు లెట్లు పొందుచుండిరో వివరించినది. ఇంటిలోను నదే జరుగును. వంట, కడుగుట, పెంపకము తీఱినపిమ్మట గృహిణి బొంతయు కుట్టవలెను, తెరయు నల్లవలెను. భర్త ఆ పొదుపును జూచి మెచ్చుకొనును. మేము కోరునది యిది కాదు. తడుపుట, గీకుట, సున్నము కొట్టుట యజమానియు చేయవచ్చును. చిత్రిక పట్టుట తన కులమునకు తగదని యతడనినచో, ఆ చిత్రిక పట్టిన బల్లమీద భోజనము చేయుట యెట్లు తగినదో చెప్పవలెను.

1934లో వార్ధాలో నేర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమునకు ప్రాణమై నిలిచిన కుమారప్పగారు, మన కొనుగోలు ఎవరి జీవనమును నిలుపుచున్నదో ఎవరిది తీయుచున్నదో విచారించుట కొనువాని విధి యని బోధించిరి. అది బోధగానే మిగిలినది. ఊరిలోని వడ్రంగి కుమారుడు నేడు పట్టణమున, ఆ యట్టపెట్టెలలోని పలకలకు మరమేకులు బిగించు కూలిగా నున్నాడు. తండ్రికి దెలిసిన కీలుపని యతనికి రాదు. వచ్చినను అడుగువారు లేరు. ఆ తండ్రిని పిలిచి, పందిరిమంచము నిలుపుటకు నాలుగు దినముల కూలి యడుగగా, "అంతయా!" యని యజమాని గంటసేపు బేరమాడుచున్నాడు. అదే యజమాని సోఫా వాయిదాల కాగితముమీద, వడ్డీ యెంతయో చదువకయే, నిలుచున్నపాటున చేవ్రాలు చేయుచున్నాడు.