పట్టభద్రుల ఇంగ్లీషు

సంతోష్‌నగరువంటి పేటలలో గోడలపైనను స్తంభములపైనను "ముప్పదిదినములలో ఆంగ్లసంభాషణ" నేర్పెదమను ప్రకటనలకు కొదువలేదు. ఆ యంగళ్లలో రుసుము చెల్లించి చేరువారెవరు? అక్షరాభ్యాసము చేయు బాలురు కారు, పట్టభద్రులు! పదునైదేండ్లు ఇంగ్లీషు చదివి, పరీక్షలలో నుత్తీర్ణులై, విశ్వవిద్యాలయ ముద్రగల పట్టమును చేతబుచ్చుకొని, ఆ భాషనే మరల మొదటినుండి నేర్చుకొన బోవుచున్నారు. పదునైదేండ్లలో రానిది ముప్పది దినములలో వచ్చునా యని అంగడివానిని అడుగువారు కొందఱు గలరు. ఆ పదునైదేండ్లు ఏమైపోయెనని విశ్వవిద్యాలయమును నిలువదీయువారు కానరారు. మేము అడుగుచున్నాము.

ముందుగా ఒక మాట. ఉన్నతమైన ఇంగ్లీషు అనగా నాలుకను మెలిపెట్టి పరదేశీయునివలె పలుకుట కాదు. ఇరువదిపుటల గ్రంథభాగమును చదివి దాని సారమును ఒక పుటలో, తన వాక్యములలో వ్రాయగలుగుట. ఎదుటివాని వాదమును అతడే మెచ్చునట్లు చెప్పి, ఆపై ఖండింపగలుగుట. ఒక పట్టికలోని యంకెలు ఏమి చెప్పుచున్నవో, ఏమి దాచుచున్నవో కనిపెట్టుట. ఈ శక్తి లేని పట్టభద్రుడు ఎంత వేగముగ మాటలాడినను ప్రయోజనమేమి?

ఇది కేవలము ఉద్యోగముల ప్రశ్న యనుకొనువారు న్యాయస్థానముల వంక చూతురుగాక. రాజ్యాంగపు 348వ అధికరణము సర్వోన్నత న్యాయస్థానమునను, ఉన్నతన్యాయస్థానములలోను ఇంగ్లీషునే వ్యవహారభాషగా నిలిపినది. పార్లమెంటు వేఱుగా శాసించువఱకని అందున్నది. డెబ్బదియైదేండ్లు గడచినను శాసింపలేదు. 2023లో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము ఒక తీర్పును తెలుగున వెలువరించినపుడు మేమును సంతోషించితిమి. కాని ఒక కోయిల కూసినంతనే వసంతము రాదు. నేటికిని ఒక పేదవాని యింటిస్థలము వివాదమై పైకోర్టు కెక్కెనేని, వాని బ్రతుకు ఒక యువన్యాయవాది వ్రాయు ఇంగ్లీషు వాక్యమునకు వ్రేలాడుచుండును. పాత అర్జీలోని పేరాను క్రొత్తదానిలో నతికించి, పాత కక్షిదారుని పేరు మార్చుటయైన మఱచిన పత్రములు వృత్తిలో నున్నవారికి వింత కావు. వ్రాసినవాడు తన తప్పునకు మందలింపు పొంది ఇల్లు చేరును. స్థలము పోగొట్టుకొనువాడు వేఱొకడు.

ఈ దుస్థితికి మూలము ఒక భ్రాంతి. బోధనభాషగా ఇంగ్లీషును కూర్చుండబెట్టినచో ఇంగ్లీషు దానంతట నదియే వచ్చునని మన పాలకులు నమ్మిరి. నీటిలో త్రోసినంతనే ఈత రాదు. కడుపులోనికి నీరు వచ్చును.

మన నగరచరిత్రయే దీనికి సాక్ష్యము. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనభాష. ఇంగ్లీషు ప్రతివిద్యార్థికిని నిర్బంధపాఠ్యభాష. దారుల్ తర్జుమా యను అనువాదశాఖ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దెచ్చుచుండెను. తెలుగు, మరాఠీ, కన్నడములు మాటాడు అధికసంఖ్యాకులను కాదని ఉర్దూను గద్దె నెక్కించుట అన్యాయమే. 1938లో వందేమాతరము పాడినందులకు విద్యార్థులు వెడలగొట్టబడి, పలువురు నాగపూరు పోయి చదువుకొనవలసివచ్చుటను మఱచువారము మేము కాము. అయినను వైద్యము, యంత్రశాస్త్రము మున్నగు విద్యలను ఒక దేశభాషలో చెప్పుచు, ఇంగ్లీషును భాషగా వేఱుగ నేర్పుట సాధ్యమని ఆ విశ్వవిద్యాలయము ముప్పదియేండ్లు చూపెను. పగవాని యింటనైనను పనికివచ్చు పాఠముండిన గ్రహింపవలెను గదా! 1948 పోలీసుచర్య పిమ్మట బోధనభాష ఇంగ్లీషుగ మారెను. ఉర్దూ పోయినది, ఆ స్థానమున తెలుగు కూర్చుండలేదు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథములను సమకూర్చినను, ప్రవాహము వేఱుదిక్కునకే సాగెను. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలోనికిని ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది.

ఫలితమేమి? పాతనగరమున తెలుగింటి పిల్లవాడును ఉర్దూయింటి పిల్లవాడును ఒకే బల్లపై కూర్చుండి ఒకే గైడును వల్లించుచున్నారు. ఇద్దఱికిని తల్లిభాష చేజాఱుచున్నది. ఇంగ్లీషు చేతికి వచ్చుట లేదు. కళాశాలలో ఇంగ్లీషు తరగతి యనగా పాఠ్యాంశమునకు సారాంశము చెప్పుట, దానిని వ్రాసికొనుట, పరీక్షలో వమనము చేయుట. విద్యార్థి స్వయముగ వ్రాసిన పుటను ఎఱ్ఱసిరాతో దిద్ది, మరల వ్రాయించు అధ్యాపకుడెందున్నాడు? నూఱుమంది గల తరగతిని ఒక్కనికి, అదియు ఏటేట ఒడంబడిక మార్చుకొను తాత్కాలికోద్యోగికి అప్పగించి, వానినుండి దీని నాశించుటయు న్యాయము కాదు. దోషము పాలకులది.

ఇంతకన్న వింత యొకటి గలదు. ఉపాధ్యాయులకు ఇంగ్లీషుబోధనము నేర్పుటకై 1958లో భారతప్రభుత్వము సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌ను నెలకొల్పినది ఈ హైదరాబాదుననే. 1972లో విదేశభాషలను చేర్చుకొని, 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయ మయ్యెను. ఉస్మానియా ప్రక్కననే యున్నది. దూరదేశములనుండియు అచటికి వచ్చి నేర్చిపోవుదురు. మన పేటల డిగ్రీకళాశాలలకు అందలి వెలుగు ఎంత సోకినది? దీపము క్రిందనే చీకటి యనుట ఇందులకే కాబోలు.

జాతీయపత్రిక ఇంగ్లీషు పక్షము వహించుటేమని కొందఱు మిత్రు లాక్షేపింపవచ్చును. 1906లో ఈ నగరముననే విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఇంగ్లీషు రానివారా? 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఇంగ్లీషు చదువు చదివిన న్యాయవాది. పరభాషలలోని విజ్ఞానమును మూటగట్టి తెచ్చి తెలుగువాకిట కుమ్మరించిన తర మది. అట్టి ఇంగ్లీషు మాకు కావలెను. ఆగస్టు 29వ తేదీన తెలుగుభాషాదినోత్సవ వేదికపై కన్నీరు గార్చి, తన మనుమని ఇంగ్లీషుబడిలో చేర్చి, పొరుగువాని మనుమనికి మాతృభాషాభిమానము నుపదేశించు పెద్దమనుష్యుల ధర్మపన్నములు మాకక్కఱలేదు.

విశ్వవిద్యాలయాధికారులు చేయవలసినది గొప్ప వ్యయముతో కూడినది కాదు. ఖాళీలను స్థిరోద్యోగులతో నింపుడు. వారమున కొక పుట వ్రాయించి దిద్దింపుడు. తెలుగు, ఉర్దూలనుండి ఇంగ్లీషునకును, ఇంగ్లీషునుండి వానికిని అనువాదము చేయు అభ్యాసమును ప్రతి తరగతికిని విధింపుడు. రెండు భాషలును దానివలన పదునెక్కును. మూడేండ్ల చదువు ముగియునపుడు ప్రతి విద్యార్థికిని తన శాస్త్రమునుండియే, గైడులలో దొరకని నాలుగుపుటల గద్యమిచ్చి, దానిపై తన యభిప్రాయమును వ్రాయుమని యడుగుడు. ఆ జవాబుపత్రములలో నూఱింటిని పాలకమండలి సభ్యులు స్వయముగ చదివి, తాము చూచినదానిని రాబోవు స్నాతకోత్సవమునకు ముందే ప్రకటింపవలెను.